వెనక తలుపు తాళం

“అమ్మా, హాస్టల్ ముందు మెట్ల నిండా మంటలే!” ఫోన్లో కూతురు దగ్గుతోంది.

ఇలాంటి రోజు కోసమే కదా, చేర్చిన నాడే తల్లి పిల్లకు అన్నీ బట్టీ పట్టించింది!

“తువ్వాలు తడిపి ముక్కుకి కట్టుకోవే తల్లీ. బాగా వంగి నడువు. వెనక మెట్ల మీంచి దిగిపో.”

“ఆ తలుపు దగ్గరే ఉన్నాం. నలుగురం తోస్తున్నాం. అవతల తాళం వేసుంది.”

“ఏ పాపిష్ఠిది వేసిందే? ఆ వార్డెనమ్మేనా? దాని చేతులు పడిపోను!”

“ఆవిడే అవతల నుంచి రాయి పెట్టి కొడుతోందమ్మా, పగలట్లేదు. పోయిన నెల నువ్వొచ్చి, ఈ దారిన మగపిల్లలు వస్తారని పోట్లాడి, నువ్వే తాళం కొని వేశావట. ఎవర్నీ నమ్మనని తాళంచెవులు కూడా పట్టుకెళ్లావట. నిజమేనా?”

తల్లి వంటింట్లోకి పోయి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. అడుగున భద్రంగా దాచిన తాళంచెవులు వేళ్లకు తగిలాయి. పిల్ల ఉన్న ఊరికి బస్సులో అయిదు గంటలు.

“సరేలే అమ్మా,” కూతురి గొంతు సన్నబడింది. “తువ్వాలు కట్టుకున్నాను. వంగే ఉన్నాను. తర్వాత ఏం చెయ్యాలో చెప్పు.”