నాలుగో నంబరు

"గోడౌన్ నిండా గోనె సంచులు పెట్టుకోనుండా. తిమ్మయ్యను ఒకటో నంబర్లో యేసి నన్ను నాలుగులో యేసినారు. ఏమ్మా ఇది?"

రెండేళ్ల కిందటిదాకా తన కొట్లో పనిచేసిన తిమ్మయ్య పేరు కంప్యూటర్‌లో, సంచులు సరఫరా చేసేవాళ్ల జాబితాలో తన పేరుకంటే పైన ఉండటం చూసి నాగసుబ్బయ్య శెట్టికి కడుపు మండిపోతోంది.

"మేం వేయలేదు శెట్టిగారూ," అంది విత్తనాల కంపెనీలో కొనుగోళ్లు చూసే హిమబిందు. "సరుకు ఏ తేదీకి చేరిందో చూసి ఈ కొత్త సాఫ్ట్‌వేరే నంబర్లు ఇస్తుంది. ఏడాదిలో ఆయన లోడు ఒక్కటీ ఆలస్యం కాలేదు. మీవి నాలుగైనాయి."

"ఆ నాలుగుసార్లూ వాని కాడ సరుకు లేకుంటే నా సరుకే బదులిచ్చినా. అందుకే నాది ఆలస్యమాయ. వాడు మీకు తెచ్చింది నా సంచులేమ్మా."

"కావచ్చు. ఎవరి సంచులో దీనికి తెలీదు. ఎవరు తెచ్చినారు, ఎప్పుడు తెచ్చినారు, అంతే."

అంతలో శెట్టి జేబులో సెల్లు మోగింది. తిమ్మయ్య గొంతు హిమబిందుకు కూడా వినబడుతోంది.

"అన్నా, విత్తనాల కంపెనీకి యాభై కట్టల సంచులు తక్కువ పడినాయి. సాయంత్రం లోపల చేర్చల్ల. ఎప్పట్లాగా నువ్వే ఆదుకోవల్ల."

శెట్టి మళ్లీ కంప్యూటర్ వైపు చూశాడు.

"ఒక్క సంచి గూడా లేదప్పా తిమ్మయ్యా," అన్నాడు మెల్లగా.

సెల్లు జేబులో పెట్టుకుని, హిమబిందు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సాయంత్రం దాకా ఈడనే ఉంటాలేమ్మా. నంబర్లు మారేది చూసి పోతా."