బొట్టు పెట్టిన మిషను

తెల్లారేసరికి ఆకాశమంతా మబ్బు కమ్మింది. పత్తి పగిలి చేలు తెల్లగా ఉన్న రోజులు. ఊరంతా తలెత్తి ఆ మబ్బును తిట్టుకుంటుంటే బుల్లయ్య మాత్రం దాని వంక చూడనైనా చూడలేదు. పొదిలి నుంచి బండి మీద వచ్చినవాడు వచ్చినట్టే, వీరాంజనేయులు కట్టుకుంటున్న కొత్తింట్లోకి నడిచి, చేతిలో ఉన్న బ్యాటరీని సాల్మన్ ముందు గచ్చు మీద పడేశాడు. విప్పి ఉన్న ఆ బ్యాటరీ రెండు చెక్కలైంది. లోపల పచ్చటి చిలుము.

"చూడరా. కళ్ళారా చూడు."

తలుపు అంచు చిత్రిక పడుతున్న సాల్మన్ చెయ్యి ఆపాడు. చూశాడు.

ఇద్దరిదీ పొత్తు వడ్రంగం. ఎల్లుండే గృహప్రవేశం. ఇంటికింకా కరెంటు ఇవ్వలేదు. బుల్లయ్య కొత్తగా కొన్న బ్యాటరీ డ్రిల్లును నమ్ముకుని తలుపులన్నీ నిలబెడతామని మాటిచ్చారు. అది నాలుగు రోజులుగా నీరసించి, నిన్న పూర్తిగా పడుకుంది.

రిపేరు షాపు ముస్తాక్ చెప్పిందంతా బుల్లయ్య ఒక్క ముక్క పోనివ్వకుండా అప్పజెప్పాడు. వాడకం వల్ల పోయింది కాదట. చార్జింగు తప్పూ కాదట. నీళ్ళలో మునిగితేనే లోపల ఇలా చిలుము పడుతుందట. నీళ్ళు దిగినదాన్ని గ్యారంటీ కింద కంపెనీవాళ్ళు చేత్తోనైనా ముట్టుకోరట.

"ఇది నా చెయ్యి దాటి పోయింది ఒక్కసారే. దసరా మర్నాడు మీ చర్చి రేకులు బిగించాలని పట్టుకెళ్ళావు. ఆ రోజు వాన పడిందా, లేదా?"

"పడింది."

"తడిపావా?"

"నా చేతిలో తడవలేదన్నా."

"మరెవడి చేతిలో తడిసిందిరా?"

సాల్మన్ నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. చిత్రికలో ఇరుక్కున్న పొట్టును వేలితో లాగుతూ కూర్చున్నాడు.

ఆ మౌనం బుల్లయ్యకు కళ్ళలో కారం కొట్టినట్టయింది. అసలే అతనికి కోపమొస్తే చెయ్యి ముందు లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. ఆ సంగతి ఊరికి తెలుసు. ఊరికంటే ముందు అతని పెళ్ళానికి తెలుసు. పని చూసుకుంటూ అక్కడే ఉన్న వీరాంజనేయులు అడ్డంపడబట్టి ఆ చెయ్యి సాల్మన్ చెంపదాకా వెళ్ళి ఆగింది.

చెయ్యి ఆగింది గానీ నోరు ఆగలేదు. సాల్మన్ దగ్గరా ఒక బ్యాటరీ డ్రిల్లుంది. ఎవరో వాడి వదిలేస్తే కొన్నది. పిడి విరిగితే సైకిలు ట్యూబు చుట్టాడు. పది స్క్రూలు దిగేసరికి మూలుగుతుంది. బుల్లయ్యది పొద్దున చార్జింగు పెడితే పొద్దుగూకేదాకా ఆగేది కాదు. కొన్నరోజున రెండింటినీ ఒకే చెక్క మీద తిప్పి చూసి, "నీది గుర్రమన్నా, నాది గాడిద" అని మెచ్చుకున్నది సాల్మనే. ఇప్పుడు ఆ మెచ్చుకోలు బుల్లయ్యకు దిష్టిగా తోచింది. ఓర్వలేకే చేశావన్నాడు. ఎదుటివాడి కడుపు కొట్టి బాగుపడతావా అన్నాడు. చివరికి అనకూడనిది కూడా అనేశాడు.

"పనిముట్టుకు బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకునే ఇల్లురా మాది. ఉలి కాలికి తగిలితే కళ్ళకద్దుకుంటాం. దాని విలువ మీకేం తెలుసు?"

వీరాంజనేయులు మొహం పక్కకు తిప్పుకున్నాడు. సాల్మన్ లేచి సంచీ అందుకున్నాడు.

"పో. ఈ పనితో మన పొత్తు చెల్లు."

"అట్లాగేలే అన్నా. తలుపులు మాత్రం ఎల్లుండికి నిలబడాలి."

సంచీలోంచి తన పాత డ్రిల్లు తీశాడు.

అది పది స్క్రూలకోసారి ఆగుతోంది. ఆగినప్పుడల్లా సాల్మన్ స్క్రూడ్రైవరు తీసుకుని చేత్తో తిప్పుతున్నాడు. గుమ్మం బయట కూర్చుని బుల్లయ్య పళ్ళు నూరుకున్నాడు. వాడు తలుపును ఒక్కడే భుజంతో మోస్తూ స్క్రూ కోసం తడుముకోవడం కొంతసేపు చూశాడు. ఇక చూడలేక వచ్చి అవతలి అంచు పట్టుకున్నాడు. పట్టుకున్నాడే గానీ మొహం చూడలేదు. ఒక తలుపు నిలబడింది. ఇంకోటి నిలబడింది. "పైకి", "చాలు" తప్ప ఇద్దరి మధ్యా మాట లేదు.

మధ్యాహ్నం బుల్లయ్య పెళ్ళాం వెంకటేశ్వరమ్మ ఎప్పటిలాగే ఇద్దరికీ సరిపడా క్యారేజీ తెచ్చింది. పప్పు, గోంగూర పచ్చడి. మొగుడికి పెట్టింది, సాల్మన్‌కు పెట్టింది, మూతలో తనూ పెట్టుకు కూర్చుంది. రోజూ పచ్చడి కోసం పోట్లాడుకునేవాళ్ళు ఇవాళ గిన్నె వైపు చెయ్యి చాపలేదు. ఏమైందని అడిగింది.

బుల్లయ్య తలెత్తకుండానే అన్నాడు. "మిషను చచ్చింది. నీళ్ళు పట్టించి చంపాడు. ఎట్లా తడిసిందిరా అంటే దొరగారికి నోరు పెగలదు."

వెంకటేశ్వరమ్మ గోడ వారన పడి ఉన్న బ్యాటరీ చెక్కల వంక చూసింది. పైచెక్క మీద తను పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు. సాల్మన్ ఆమె వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఆడించాడు. ఆమె గరిటె కింద పెట్టింది.

"నీళ్ళు పట్టించింది నేను. దసరా పూజకని ఉలులతో, రంపాలతో పాటు దాన్నీ తొట్లో వేసి తోమాను. వద్దు వదినా అని పరుగెత్తుకొచ్చి బయటికి తీసింది ఇతను. చెయ్యి లేపుతావేమో, లేపు."

బుల్లయ్య చెయ్యి అన్నంలోంచి లేవలేదు. ఎడమచేత్తో పచ్చడి గిన్నెను సాల్మన్ వైపు జరిపాడు.