కార్డులో కలిపిన కాగితం

"నా పేరేది తమ్మీ?"

పెండ్లికార్డును వెనకా ముందూ తిప్పి చూసింది శంకరమ్మ. తమ్ముడు అంబదాస్ కూతురు రమ్య పెండ్లి. కార్డులో మేనమామలున్నారు, బాబాయిలున్నారు, ఇంకా మాటలైనా రాని పసివాళ్లు కూడా "మా అక్క పెండ్లికి తప్పక రండి" అంటున్నారు. సొంత మేనత్త మాత్రం లేదు.

అంబదాస్ గబగబా కవరులోంచి చిన్న కాగితం తీసి అక్క చేతిలో పెట్టాడు.

"గిది జూడు. యాది మరిచి, తర్వాత కొట్టిపిచ్చిన."

పైన 'అనుబంధం' అని, కింద 'ఆహ్వానించువారు: మేనత్త శంకరమ్మ, నారాయణఖేడ్' అని ఉంది.

"అనుబంధమంటే ఏంది?"

"అసల్ కాగితంల రాయనిది ఏమన్న ఉంటే ఎన్కకెళ్లి జతజేస్తరక్కా. భూమి కాగితాలకు గూడ పెడ్తరు. అసల్ దానికెంత ఇలువనో దీనికీ గంతే."

"అంటే నేను తోకనన్నట్టు!" అని నవ్వింది శంకరమ్మ.

ఆ నవ్వుకు అంబదాస్ ప్రాణం చివుక్కుమంది. తల్లి పోయాక తనను సాకింది ఈమే. మొగుణ్ణి వదిలేసి వచ్చి, బస్టాండు వెనక సందులో మిషన్ కుట్టుకుని బతుకుతోంది. ఆ సంగతి మగపెండ్లివారు ఆరా తీస్తారని భయపడి, కార్డులో పేరు తీయించింది అతనే. తర్వాత నిద్ర పట్టక మళ్లీ ప్రెస్సు మెట్లెక్కాడు.

"తప్పయింది అక్కా, మాఫ్ జెయ్."

"మనిషన్నంక యాది మరువడా? పేరు లేకుంటే మాత్రం రాకపోదును. ఇగ పెండ్లికి వస్త. ముందుగాల పోలె తిను."

ఆమె పెట్టిన బొబ్బట్టును అంబదాస్ తుంచి పళ్లెంలోనే వదిలేశాడు. శంకరమ్మ అప్పుడే గుమ్మంలో నిలబడి పక్కింటావిడను కేకేస్తోంది.

"ఓ సత్తెమ్మా! మా తమ్ముడు నా పేరు మల్ల అచ్చేపిచ్చిండు, సూడు రాయే!"

అంతలోనే ఏదో అనుమానం వచ్చి వెనక్కి తిరిగింది.

"మగపెండ్లోల్లకిచ్చిన కార్డులల్ల గూడ ఉందా?"

"అన్నిట్ల ఉందక్కా."

"బోరంచ గుళ్లె పోచమ్మ తల్లి ముంగట పెట్టిన కార్డుల?"

అంబదాస్ నీళ్ల గ్లాసు అందుకుని, "ఉందక్కా" అన్నాడు.

"ఇగ నాకేం గావాలె!" అంటూ ఆమె కాగితాన్ని కళ్లకద్దుకుంది.

అలాంటి కాగితం అతను అచ్చు వేయించింది ఒక్కటే.