డ్రాగన్ రాజు పెళ్ళాం

ఆ మనిషి వంతెన దాటి రావడం చూడగానే సన్యాసిని చింగ్‌హ్వి చీపురు పక్కన పడేసి గుడి ధూపం గది కిటికీ వెనక్కి వెళ్ళింది.

నడివయసు మనిషి. మంచి కోటు. పక్కన పాతికేళ్ళ కొత్త పెళ్ళికూతురు.

టీ కొట్టు గ్వో పిన్ని వాళ్ళని అప్పటికే పట్టేసుకుంది. పచ్చమడుగుకి ఎవరొచ్చినా ఆవిడ చెప్పే కథ ఒకటే. ఈ నీళ్ళ అడుగున డ్రాగన్ రాజు ఉంటాడు. ఒకావిడ మీద మనసుపడ్డాడు. గట్టు మీద ఆమె కాలు జారడమే తడవు, ఎత్తుకుపోయి పెళ్ళి చేసుకున్నాడు. శవం కూడా తేలలేదు. మంచు పట్టిన పొద్దుల్లో ఇప్పటికీ ఆమె పాట వినిపిస్తుంది.

ఆ మనిషి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆమె నా మొదటి భార్యే," అన్నాడు.

గ్వో పిన్ని ధూపం కోసం లోపలికి పరిగెత్తుకొచ్చింది.

"విన్నావా తల్లీ! కొత్త పెళ్ళాన్ని వెంటబెట్టుకుని పాత పెళ్ళాం దీవెన కోసం వచ్చాడట. ఎంత బంగారంలాంటి మనిషో!"

"ఇన్నేళ్ళూ రానివాడు ఇప్పుడే ఎందుకొచ్చాడు?"

"నీకన్నీ అనుమానాలే. చూడు, చెయ్యి వదలకుండా ఎలా నడిపిస్తున్నాడో!"

చింగ్‌హ్వి చూస్తూనే ఉంది. ఫొటోలు తీసేవాడేదో హాస్యమాడితే ఆ పిల్ల పకపకా నవ్వింది. వెంటనే ఆ మనిషి వేళ్ళు ఆమె మోచేతి పైన బిగుసుకున్నాయి. అతని మొహాన చిరునవ్వు మాత్రం చెదరలేదు. పిల్ల నవ్వే ఆగిపోయింది.

"అది నడిపించడం కాదు పిన్నీ."

"చాల్లే! సన్యాసం పుచ్చుకున్నదానివి, మొగుళ్ళ సంగతి నీకేం తెలుసు?"

చింగ్‌హ్వి కిటికీ రెక్క దగ్గరికి లాగింది. "ఆ పిల్లని ఇటు పంపు. సంతానం కోసం అమ్మవారికి మొక్కాలని చెప్పు. మగవాళ్ళు రాకూడదను."

"ఆ నియమం ఎప్పటినుంచి?"

"ఇవాళ్టినుంచి."

కొత్త పెళ్ళికూతురు లోపలికొచ్చింది. పేరు సు మాన్ అని చెప్పింది. చింగ్‌హ్వి తలుపు మూసి, ఆమె చొక్కా చెయ్యి మెల్లగా పైకి జరిపింది. మోచేతి పైన చర్మం కమిలి నల్లబడి ఉంది.

"జారిపడ్డానండీ," అంది సు మాన్ గబగబా.

"ఆ తర్వాత ఆయనే అల్లం వేసి సూప్ కాచి, స్పూనుతో తాగించాడు కదూ? ఇంకెప్పుడూ నాకు కోపం తెప్పించకు అంటూ?"

సు మాన్ మొహం పాలిపోయింది. "మీకు... మీకెవరు చెప్పారు?"

"వెనక తలుపు దాటితే కాలిబాట ఉంది. కిందికి దిగితే బస్సు దొరుకుతుంది. పోతావా?"

"అయ్యో, ఆయన అలాంటివారు కాదండీ! ఎప్పుడో కోపంలో..."

బయట ఆ మనిషి మడుగు ముందు మోకాళ్ళ మీద కూలబడి భోరుమన్నాడు. గ్వో పిన్ని ఓదారుస్తూ తనూ ముక్కు చీదుతోంది.

"వింటున్నారా?" అంది సు మాన్, ఆమె కళ్ళూ చెమర్చాయి. "చచ్చిపోయిన భార్య కోసం ఇప్పటికీ అంతలా కుమిలిపోయే మనిషి చెడ్డవాడవుతాడా?"

చింగ్‌హ్వి వెనక తలుపు గడియ తీసింది.

"ఆయన ఏడుస్తున్నది నా కోసమేనమ్మా."