బాగున్న వైపు

మస్తాన్‌రావు మళ్ళీ తమ్ముడికి వీపు పెట్టి ఎడమవైపుకు తిరిగాడు. మానిటర్‌లో ఆక్సిజన్ అంకె పడిపోతుంటే, నరసరావుపేట ఆసుపత్రిలో ఆ మంచం పక్కనే ఉన్న శ్రీహరికి కాలు నిలవడం లేదు.

అన్నయ్య ఎడమ ఊపిరితిత్తికి న్యుమోనియా పట్టింది. "బాగున్న కుడివైపు కిందికి ఉండాలి," అని నర్సు చెప్పింది. "పైనున్న ఊపిరితిత్తి ముందే గాలితో సాగి ఉంటది. గాలీ రక్తమూ కింద దానికే ఎక్కువ పోతయ్."

పొలం గట్టు తగాదాతో అన్నదమ్ములకు ఆరేళ్ళుగా మాటల్లేవు. కబురు తెలిసి శ్రీహరి ఈపూరు నుంచి పరిగెత్తుకొచ్చాడు. కుడివైపు పడుకోబెట్టి, "అన్నయ్యా" అని నోరు తెరిస్తే చాలు, మస్తాన్‌రావు అటు తిరిగిపోతున్నాడు.

ఈసారి శ్రీహరి ఉండబట్టలేకపోయాడు. "ప్రాణం మీదకి తెచ్చుకుంటావు గానీ, నా మొహం మాత్రం చూడవా?"

మస్తాన్‌రావు రొప్పుతూ మాస్కు పక్కకు లాగాడు. "నా ఎడమ చెవి పోయి చానా రోజులైందిరా. కుడివైపు పడుకుంటే మంచి చెవి దిండులో పడి, నీ మాట వినపడట్లా."

శ్రీహరి అన్నను మెల్లగా కుడివైపుకు తిప్పాడు. "ఇంటికాడ చెప్పుకుందాంలే," అన్నాడు. ఆ మాటా వినపడలేదని అన్న కళ్ళు చూసి గ్రహించి, ఆయన చేతిని గట్టిగా పట్టుకున్నాడు.