రుమాలు కింద బేరం

వీడికి అమ్మాలని లేదు, అనుకున్నాడు గంగాదాస్. అమ్మాలని ఉన్నవాడు సరుకును తిట్టడు. ఆర్మూర్ పసుపు మండిలో ఇన్నేళ్లుగా కొంటున్నాడు, తన బస్తాను తానే పుచ్చు అన్న రైతును ఒక్కణ్ణీ చూడలేదు. ఈ శేఖర్ మాత్రం పొద్దున్నించీ తన కారును తానే తిట్టుకుంటున్నాడు.

“ఇంజన్ ఖతమైందన్నా. రిపేరుకు గూడ రాదు, మొత్తం మార్చాలె. రెండు లక్షల కిలోమీటర్లు దాటింది. నా మాట విని వద్దనుకోరాదే.”

శేఖర్ ఇంటి షెడ్డులో పసుపు బస్తాల పక్కన ఉంది కారు. రెండే సీట్లు. పొట్ట నేలకు ఆనేంత కిందికి ఉంది. పైనంతా పసుపు దుమ్ము. గంగాదాస్ వేలితో గీత గీస్తే ఎర్రగా మెరిసింది. ఆశ పుట్టింది. దాన్ని ముఖం దాకా రానివ్వలేదు.

శేఖర్ భార్య స్వర్ణ చాయ్ గ్లాసులతో వచ్చింది. “ఆయన మాటలు పట్టుకోకుండ్రి అన్నా. బండికి ఏ రోగం లేదు. గీ షెడ్డు ఖాళీ అయితే నా పసుపన్న సక్కగ పెట్టుకుంట.”

“రోగం లేదంటవేందే? యాకోబును అడుగు.”

బస్తా మీద కూర్చున్న మెకానిక్ యాకోబు తలూపాడు. “ఇంజన్ జామైంది సేటు. బానెట్ తెరుస్త, మీరే చూడుండ్రి.”

“నువ్వు గాయన దోస్తువే గదా?” అన్నాడు గంగాదాస్.

“దోస్తునే. గది ఇంజన్‌కు ఎర్కనా సేటు?”

గంగాదాస్ నవ్వాడు, బానెట్ వైపు పోలేదు. అమ్మాలనుకున్న మనిషి బాగుందంటోంది, వద్దనుకున్న మనిషి పాడైందంటున్నాడు, దోస్తు దోస్తుకే వంత పాడుతున్నాడు. ఇంకా తెరిచి చూసేదేముంది? పసుపు కొమ్ము విరిచి చూడందే బస్తా ముట్టని మనిషి, ఇవాళ మనుషుల్నే విరిచి చూసుకుంటున్నాడు.

నిజానికి అతనికి తేల్చుకోవాల్సింది వేరే ఉంది. మండిలో ఇప్పుడు ధరలు ఫోన్‌లో వేస్తున్నారు. రైతు ముఖం చూసి ధర కట్టే పనే లేదు. మొన్న తోటి వ్యాపారి భీమ్‌రావు అందరి ముందు అననే అన్నాడు: “గంగాదాసూ, నీ కండ్లు ఇగ అద్దాలు పెట్టుకునెతందుకే పనికొస్తయి.” అందరూ నవ్వారు. ఆ రోజు ఇంటికి పోయి, గంగాదాస్ అద్దంలో తన కళ్లను తానే పరాయి సరుకులా ఎగాదిగా చూసుకున్నాడు. నిజంగానే పోయాయా? మనిషి లోపల ఏముందో ఇప్పుడు కనిపించడం లేదా? ఇవాళ తేలిపోవాలి.

భుజం మీది రుమాలు తీశాడు. “చెయ్యి పెట్టు తమ్మీ. పాత తీరుగ చేసుకుందం బేరం.”

ఫోన్లు రాకముందు బేరాలన్నీ గుడ్డ కిందే. పట్టిన వేళ్లే ధర. నోరు విప్పే పని లేదు.

శేఖర్ తటపటాయించాడు. “పెట్టుండ్రి, పెండ్లిపిల్ల లెక్క సిగ్గేంది?” అంది స్వర్ణ.

రుమాలు కింద శేఖర్ చెయ్యి చల్లగా తగిలింది. గంగాదాస్ వేళ్లు నొక్కాడు. ఆ చెయ్యి వెనక్కి ముడుచుకుంది, బడికి పోనని మొండికేసిన పిల్లాడిలా. ఇంకో వేలు కలిపాడు. ఇంకాస్త ముడుచుకుంది. ముఖం అబద్ధమాడుతుంది గానీ చెయ్యి ఆడదు. ఇయ్యనంటోంది. అంటే దీంట్లో ఏదో ఉంది. మళ్లీ వేలు కలిపాడు.

“అన్నా, మస్తు ఎక్కువైతున్నది. చెప్పిన గదా, ఇంజన్…”

“ఇంజన్ ఫికర్ నీకెందుకు?”

“ఒప్పుకోండ్రి ఇగ!” అంది స్వర్ణ.

శేఖర్ చెయ్యి మెత్తబడింది. బేరం కుదిరింది.

గంగాదాస్ ధోవతి ఎగజెక్కి, వంగి, లోపల కూలబడ్డాడు. పంక్తిలో విస్తరి ముందు కూర్చున్నట్టు ఉంది. తాళం తిప్పాడు. టక్ మంది. మళ్లీ తిప్పాడు. టక్. అంతే.

“చెప్పిన గదా సేటు,” అన్నాడు యాకోబు, ఆవులిస్తూ.

స్వర్ణ గబగబా ఖాళీ గ్లాసులు ఏరుకుంది. “ట్రాక్టర్‌కు ఫోన్ చేస్తనన్నా. తాడు గట్టి గుంజుకపోదురు,” అంటూ ఇంట్లోకి జారుకుంది.

గంగాదాస్ తాళం వదిలేశాడు. సాయంత్రానికల్లా మండి అంతా తెలుస్తుంది. భీమ్‌రావు పళ్లన్నీ కళ్ల ముందు కనిపించాయి. అయినా అతను స్టీరింగ్‌ను చూడలేదు, బానెట్‌ను చూడలేదు. తలుపు పట్టుకుని నిలబడ్డ శేఖర్‌నే చూశాడు.

“తమ్మీ, ఒక్కటి నిజం చెప్పు. నీకు దీన్ని అమ్మబుద్ధి అయితుండెనా?”

శేఖర్ తల దించుకున్నాడు. “లేకుండెనన్నా.”

“మరి నడవని బండితోని ఏం చేస్తవు?”

“కూసుంట.”

“కూసొని?”

“ఏం లేదన్నా. పొద్దుగూకంగ అండ్ల కూసుంటే… ఎక్కడికో పోతున్నట్టు ఉంటది.”

గంగాదాస్ మొదట అనుకున్నదే నిజం. తప్పలేదు. కళ్లు తప్పలేదు. చూడాల్సిన మనిషిని నిలువునా చూశాయి. కారును చూడమని వాటికెవరూ చెప్పలేదు, అంతే.

అతను పొట్టను గేరు మీదుగా అతికష్టం మీద దాటించి పక్క సీట్లోకి జరిగాడు.

“నడుపు తమ్మీ,” అన్నాడు, “పోదం.”