కాళ్ళ కింది కబుర్లు

"ఇప్పుడు మీ ఎడంకాలి కింద ఏముందండి?" ఫోన్లో అడిగాడు ఆశీర్వాదం.

కొవ్వూరు రేవులో ఆఖరి మెట్టు మీద నిలబడ్డ రెబెక్కాకు ఒళ్ళు మండింది.

"మెట్టుందండి."

"మెట్టని నాకూ తెలుసండి. ఎలా ఉంది?"

"బాగానే ఉందండి."

"అది మర్యాద. మీ కాలు ఏమంటోందో అది చెప్పండి."

రెబెక్కా టీచరు. హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది, బడులు తెరిచేలోగా చేరాలి. కానీ ఎదుటివాళ్ళు గొంతు పెంచితే చాలు, ఆవిడకు మాట పెగలదు. ప్రమోషన్ వద్దని చెప్పేద్దామనుకుంటుంటే తోటి టీచరు నాగదుర్గ ఈ నంబరిచ్చింది.

"భయం పోగొట్టే కోచింగండి. రాజమండ్రిలో ఉంటారు. అంతా ఫోన్లోనే."

నాలుగు ధైర్యం మాటలు చెప్పి వదిలేస్తాడనుకుంది. ఈయనేమో రోజూ పొద్దున్నే చెప్పులు విప్పించి, చెవిలో కూర్చుని, గోదావరిలో నడిపిస్తున్నాడు. తాను మాత్రం ఏ ఫ్యాను కిందో కాలు మీద కాలేసుకుని కాఫీ తాగుతుంటాడు కాబోలు.

"మీరూ ఓసారి రావచ్చు కదండీ. బ్రిడ్జి దాటితే మా ఊరే."

"నేనొస్తే మీరు నాతో మాట్లాడతారు. మీ కాళ్ళ మాట వినరు."

మాటలకేం తక్కువ లేదు, అనుకుంటూ నీళ్ళలోకి దిగింది.

"చల్లగా ఉన్నాయండి. పిక్కల దాకా వచ్చాయి. ఇసక మెత్తగా ఉంది. వేళ్ళ సందుల్లోకి వచ్చి, మళ్ళీ జారిపోతోంది."

అటునుంచి చప్పుడు లేదు.

"నిద్రపోయారా సార్?"

"లేదమ్మా. ఆ ఇసక సంగతి మళ్ళీ చెప్పండి."

ఓరోజు ఆవిడ నీళ్ళలో ఉండగా, రేవులో ఇద్దరు మగవాళ్ళు పడవ కట్టే చోటు కోసం అరుచుకున్నారు. ఆ అరుపులు ఫోన్లో ఆయనకూ వినపడ్డాయి.

"ఇప్పుడు మీ ఒంట్లో ఏం కదిలిందండి?"

"గొంతు పట్టేసింది."

"గొంతుకంటే ముందు?"

రెబెక్కా కిందికి చూసుకుంది.

"కాలివేళ్ళు. ముడుచుకుపోయాయండి."

"మీ భయం అక్కడ మొదలవుతోంది. గొంతు దాకా ఎక్కనివ్వకండి. వేళ్ళు విప్పండి. మడమలు ఆనించండి. అప్పుడు ఊపిరి వదలండి."

బడి తెరిచిన వారంలోనే తల్లిదండ్రుల మీటింగు. పిల్లల భోజనాల వంటకు తన మనిషినే పెట్టాలని కమిటీ పెద్ద చంద్రరావు బల్ల గుద్ది అరవసాగాడు. రెబెక్కా బల్లకింద చెప్పులు విడిచింది. వేళ్ళు విప్పింది. మడమలు ఆనించింది.

"ఉన్న మనిషిని తియ్యనండి. కూర్చోండి చంద్రరావు గారూ."

ఆయన కూర్చున్నాడు. అందరికంటే ఎక్కువగా ఆశ్చర్యపోయింది రెబెక్కాయే.

ఆ తర్వాత బడి పనుల్లో పడి రేవు మానేసింది. ఫోన్ చెయ్యడమూ మానేసింది. ఓ పొద్దున ఆశీర్వాదమే చేశాడు.

"గోదారికి వరద ఎర్రనీళ్ళు వచ్చాయటగా. ఎలా ఉన్నాయండి?"

బళ్ళో రెబెక్కా ఎదురుగా నలుగురు కూర్చుని ఉన్నారు.

"బాగానే ఉన్నాయండి," అని పెట్టేసింది.

ఎంత చిన్నతనం చేశానో అని తర్వాత సిగ్గేసింది. నాలుగైదు వారాలకు గానీ తీరిక చిక్కలేదు. తాపేశ్వరం కాజాలు పట్టుకుని బ్రిడ్జి దాటింది.

తలుపు తీసిన ఆయన భార్య సువార్తమ్మ, రోజూ ఫోన్ చేసే కొవ్వూరు టీచర్నని రెబెక్కా చెప్పుకోగానే, కాజాల పెట్టె వంక ఓ క్షణం చూసింది.

"ఆయన పోయి పక్షం రోజులైందండి."

రెబెక్కా వరండాలోనే కూలబడి ఏడ్చింది. సువార్తమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చి పక్కన కూర్చుంది.

"ఆఖరిసారి ఫోన్లో ఆయనతో ఏమన్నారండి?"

"నీళ్ళెలా ఉన్నాయని అడిగారు. బాగానే ఉన్నాయన్నాను. నిజానికి నేనారోజు రేవుకే వెళ్ళలేదండి."

"అందుకేనన్నమాట. ఆ రోజు నాకేమీ చెప్పలేదు."

"నా సంగతులు మీకు చెప్పేవారా?"

"అయ్యో, మీ సంగతులు ఒక్కటీ చెప్పేవారు కాదండి. మీ ఫోను అవ్వగానే నన్ను మంచం దగ్గరకి పిలిచి, ‘సువార్తా, ఇవాళ గోదాట్లో పిక్కల్లోతున నడిచానే, ఇసక వేళ్ళ సందుల్లోకి వచ్చింది’ అని మురిసిపోయేవారు, యాక్సిడెంటయిన కాణ్నించి నడుం కింద చీమ కుట్టినా తెలియని మనిషి."